ఊరెళ్తే కుక్కని ఎవరు చూస్తారు? కెమెరా, ఫీడర్, ట్రాకర్: ఏది పనికొస్తుంది, ఏది రాదు

ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉన్నవాళ్లకి ట్రైన్ టికెట్ దొరకడం కన్నా పెద్ద సమస్య ఒకటుంది. మనం లేనన్ని రోజులూ దాన్ని ఎవరు చూస్తారు? హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల యాప్ ఓపెన్ చేసి బోర్డింగ్ సెంటర్ బుక్ చేసుకోవచ్చు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అంత సీన్ లేదు. అందుకే చాలామంది "వై-ఫై కెమెరా, ఆటోమేటిక్ ఫీడర్ పెట్టేసి వెళ్లిపోతే సరిపోదా?" అని అడుగుతుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఏం జరిగిందో ముందు చెప్తాను, తర్వాత ఒక్కో గ్యాడ్జెట్ గురించి మాట్లాడుకుందాం.

మా ఇల్లు విజయనగరంలో. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంట్లో అమ్మ, నాన్న, బుజ్జిగాడు. వాడు ఐదేళ్ల నాటుకుక్క, పద్దెనిమిది కిలోలు ఉంటాడు. బెంగళూరులో మా అప్పకి బాబు పుట్టాడు. కాన్పుకి అమ్మ ఒక్కతే వెళ్లింది, నాన్న ఇంట్లో ఉండి వాణ్ణి చూసుకున్నారు. బారసాలకి మాత్రం ఇద్దరూ వెళ్లాలి. "వీణ్ణి వదిలేసి ఎలా వస్తాం? మీ నాన్న వస్తారు, నేను ఆగిపోతాను" అని అమ్మ మొదలుపెట్టింది. మనవడి బారసాలకి అమ్మమ్మ రాకపోవడమేంటి అని నేనే పూనుకున్నాను. కెమెరా, ఫీడర్, కరెంటుతో నడిచే వాటర్ ఫౌంటెన్, అన్నీ కలిపి పన్నెండు వేల పైచిలుకు పెట్టి ఆర్డర్ చేశాను. పక్కింటి పెద్దమ్మకి తాళం ఇద్దామని అమ్మ అంటే, "ఎందుకమ్మా ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం, అన్నీ నా ఫోన్‌లోనే కనిపిస్తాయి" అన్నాను.

గురువారం సాయంత్రం బయలుదేరాం. శుక్రవారం రాత్రి 7 గంటలకి ఫీడర్ టైముకి మేత వేసింది, వాడు తినడం అందరం ఫోన్‌లో చూశాం. ఆ రాత్రే ఇక్కడ గాలివాన. 11.40కి కెమెరా ఆఫ్‌లైన్. కరెంటు పొద్దున్నే వచ్చిందట గానీ, ఫైబర్ కేబుల్ తెగిపోయి నెట్ రాలేదు. బారసాల హడావిడిలో "వస్తుందిలే" అనుకుంటూ మధ్యాహ్నం దాటించేశాను. చివరికి పెద్దమ్మకి ఫోన్ చేస్తే, వాళ్ల అబ్బాయి గోడ దూకి లోపలికెళ్లాడు. ఫీడర్ ఖాళీ గిన్నెతో ఉంది. ఫౌంటెన్ బోల్తా పడి ఉంది, చుక్క నీళ్లు లేవు. అప్పటికి సాయంత్రం 4 అయింది. అంటే 21 గంటలు తిండి లేదు, నీళ్లు ఎప్పట్నుంచి లేవో తెలీదు. పెద్దమ్మ పెరుగన్నం కలిపి పెట్టిందట, ఒక గిన్నెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగేశాడట.

ఫోన్‌లో ఆవిడ ఒకటే మాట అంది: "తాళం ఇచ్చి ఎల్లుంటే ఇంత గొడవ ఎందుకు నాన? అడిగితే నాను సూడనా ఏటి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ ఆర్టికల్ అందుకే.

ముందు మనిషి, తర్వాత మెషీన్

పల్లెల్లో పాడి గేదె ఉన్నవాళ్లు ఊరెళ్లాలంటే ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. పక్కింటివాళ్లకి చెప్తారు. వాళ్లొచ్చి గడ్డి వేసి, కుడితి పెట్టి, పాలు పితుక్కుంటారు. రేపు వాళ్లు ఊరెళ్తే వీళ్లు చూస్తారు. ఇందులో బ్యాకప్ ప్లాన్ ఉంది, ఎమర్జెన్సీ ప్లాన్ ఉంది, యాప్ మాత్రం లేదు.

కుక్కకైనా ఇదే లెక్క. రోజుకి రెండుసార్లు ఇంటికొచ్చి కళ్లతో చూసే ఒక మనిషి కావాలి. ఆ మనిషికి ఏమైనా అయితే ఇంకో మనిషి. వీళ్లిద్దరూ కుదిరాకే గ్యాడ్జెట్ల సంగతి. ఆ మనిషి వచ్చి వెళ్లాడని, కుక్క తిన్నదని, గేటు మూసి ఉందని మనకి చూపించడమే కెమెరా పని. ఆ మనిషి బదులు కెమెరా పనిచేయదు.

ఇది మంచితనానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం, పెంచుకునే జంతువుకి సరిపడా తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. గంటల తరబడి పొట్టి గొలుసుతో కట్టేసి ఉంచడం కూడా అందులోకే వస్తుంది. "నాలుగు రోజులే కదా, కట్టేసి వెళ్దాం" అనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

వై-ఫై కెమెరా: కొనొచ్చు, కానీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

టీపీ-లింక్ ట్యాపో, షావోమీ లాంటి బ్రాండ్ల 360 డిగ్రీలు తిరిగే 1080పి కెమెరాలు రెండు, మూడు వేల రూపాయల్లో దొరుకుతాయి. ఈ పనికి అవి చాలు, 2కే, 4కే అక్కర్లేదు.

కెమెరా నుంచి వీడియో రూటర్‌కి, అక్కడి నుంచి ఇంటర్నెట్ ద్వారా మీ ఫోన్‌కి వస్తుంది. మధ్యలో కంపెనీ సర్వర్ ఉంటుంది. ఇంట్లో నెట్ పోతే లైవ్ వీడియో పోతుంది. అయితే కరెంటు ఉన్నంతసేపూ మెమరీ కార్డులో రికార్డింగ్ మాత్రం నడుస్తుంది. కాబట్టి మైక్రోఎస్‌డీ కార్డు తప్పనిసరి.

లెక్క చూద్దాం. వీడియో 1 ఎంబీపీఎస్ దగ్గర నడిస్తే గంటకి 450 ఎంబీ, రోజంతా అయితే దాదాపు 10.8 జీబీ. 64 జీబీ కార్డులో ఐదు, ఆరు రోజుల రికార్డింగ్ పడుతుంది. ఇంట్లో ఫైబర్ లేక పాత ఫోన్ హాట్‌స్పాట్ పెడదామనుకునేవాళ్లు, రోజుకి 1.5 జీబీ ప్యాక్‌లో మూడు గంటల ఇరవై నిమిషాలకి మించి లైవ్ చూడలేరని గుర్తుపెట్టుకోండి. కదలిక ఉన్నప్పుడే నోటిఫికేషన్ వచ్చేలా పెట్టుకుని, అవసరమైనప్పుడు మాత్రమే ఓపెన్ చేయండి.

కొనేముందు, పెట్టేముందు చూసుకోవాల్సినవి:

- ఇలాంటి కెమెరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మీదే పనిచేస్తాయి. రూటర్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉండాలి.
- తిండి గిన్నె, నీళ్ల గిన్నె, గేటు లేదా తలుపు, ఈ మూడూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా పెట్టండి. పడుకునే చోటు కన్నా నీళ్ల గిన్నె కనిపించడం ముఖ్యం.
- పాస్‌వర్డ్ మార్చండి, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి.
- ఇంటికొచ్చే మనిషికి "ఇక్కడ కెమెరా ఉంది, మాటలు కూడా వినిపిస్తాయి" అని ముందే చెప్పండి. మనకి సాయం చేసేవాళ్లని చెప్పకుండా రికార్డ్ చేయడం పద్ధతి కాదు. పక్కింటివాళ్ల వాకిలి వైపు కెమెరా తిప్పకండి.

టూ-వే ఆడియో గురించి ఒక మాట. శుక్రవారం పొద్దున్న అమ్మ ముచ్చటపడి ఫోన్‌లో "బుజ్జీ" అని పిలిచింది. వాడు లేచి గేటు దగ్గరికి పరిగెత్తాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ గేటు దగ్గరికి వెళ్లాడు. పావుగంట అలా తిరుగుతూనే ఉన్నాడు. అమ్మ ఫోన్ నాకిచ్చేసి లోపలికెళ్లిపోయింది. కొన్ని కుక్కలకి గొంతు వింటే ధైర్యం వస్తుందేమో, మావాడికి మాత్రం వెతుకులాట మిగిలింది. మీరు ఇంట్లో ఉన్నప్పుడే పక్క గదిలోంచి ఒకసారి టెస్ట్ చేసి చూడండి.

ఆటోమేటిక్ ఫీడర్: మన కుక్కలు తినేది అన్నం!

అసలు చిక్కు ఇక్కడే. ఫీడర్ పైన డబ్బా, కింద మోటారుతో తిరిగే చక్రం ఉంటాయి. టైముకి చక్రం తిరిగి ఎండు గింజల మేత గిన్నెలో పడుతుంది. ఇందులో ఎండు మేత తప్ప ఇంకేదీ వేయలేం. మన ఇళ్లల్లో కుక్కలు తినేది అన్నం, పెరుగు, కోడిమాంసం. వండిన అన్నం మన ఎండకి పూటకే పాడైపోతుంది. ఎండు మేత అలవాటు చేయాలంటే వారం, పది రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. ప్రయాణం ముందురోజు ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంకో రెండు మన కోస్తా సమస్యలున్నాయి. ఒకటి, గాలిలో తేమ. మేత మెత్తబడి చక్రంలో ఇరుక్కుంటుంది. రెండు, చీమలు. నీళ్లు పోసిన పళ్లెంలో ఫీడర్‌ని ఎత్తు మీద పెట్టండి, తేమ పీల్చే ప్యాకెట్ డబ్బా మూతలో పెట్టండి, రెండు, మూడు రోజులకి సరిపడా మేతే పోయండి.

నా ఫీడర్ ఎందుకు ఆగింది? అందులో బ్యాకప్ బ్యాటరీలకి చోటుంది, నేనే వేయలేదు. అది నా తప్పు. కరెంటు వచ్చాక గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలైంది. అది టైము ఇంటర్నెట్ నుంచి తీసుకునే మోడల్. నెట్ లేదు కాబట్టి ఇప్పుడెంతైందో దానికి తెలీదు, పొద్దున 8 గంటల మేత పడలేదు. ఏ కంపెనీ ఫీడర్ కొన్నా, రిటర్న్ గడువు దాటకముందే ఈ మూడు టెస్టులూ చేయండి:

1. రూటర్ ఆపేయండి. తర్వాతి మేత టైముకి పడిందా? పడకపోతే షెడ్యూల్ సర్వర్‌లో ఉందని అర్థం. వెంటనే వాపస్ చేయండి.
2. రూటర్ ఆఫ్‌లోనే ఉంచి అడాప్టర్ పీకండి. బ్యాటరీల మీద పడిందా?
3. బ్యాటరీలు కూడా తీసి పది నిమిషాలాగి, నెట్ లేకుండానే కరెంటు ఇవ్వండి. టైము సరిగ్గా చూపిస్తోందా?

మూడూ పాసైతేనే దాన్ని నమ్మొచ్చు. అప్పుడైనా ఒకటి, రెండు పూటల వరకే.

నీళ్లకి గ్యాడ్జెట్ వద్దు

ఫౌంటెన్ పంపు కరెంటు పోతే ఆగిపోతుంది, తేలికైన ప్లాస్టిక్ ఒక్క తోపుకి పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి కిలో బరువుకి రోజుకి సుమారు 50, 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. అంటే మావాడికి లీటరు దాకా, వేసవిలో అంతకన్నా ఎక్కువే. బరువైన మట్టి లేదా సిమెంటు తొట్లు మూడు వేర్వేరు చోట్ల, నీడలో పెట్టండి. ఒకటి పడినా రెండుంటాయి. ఖర్చు ఫౌంటెన్ ధరలో పదో వంతు కూడా కాదు.

కరెంటు, నెట్: గొలుసులో ఏది తెగుతుంది?

రూటర్ మినీ యూపీఎస్‌ల మీద 8,000 ఎంఏహెచ్ అని రాస్తే పవర్ బ్యాంక్ లాగా లెక్కేయకండి. 3.7 వోల్టులతో గుణిస్తే 29.6 వాట్ అవర్స్. వృథా పోగా చేతికొచ్చేది 24 దాకా. ఫైబర్ బాక్సు, రూటర్ కలిపి 10 వాట్లు తింటే రెండున్నర గంటలు కూడా రాదు. కొనేముందు మీ రూటర్ అడాప్టర్ మీద వోల్టేజీ చూసుకుని అదే ఇచ్చే మోడల్ తీసుకోండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకా మంచిది. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1,800 వాట్ అవర్స్. మిగతావన్నీ ఆపేసి కెమెరా, రూటర్, ఫీడర్ మాత్రమే దాని మీద ఉంచితే, ఇన్వర్టర్ సొంత ఖర్చు పోగా కూడా మంచి బ్యాటరీ ఒక రోజు పైనే లాగుతుంది. రాత్రి వసారాలో లైటు కోసం స్మార్ట్ ప్లగ్ అక్కర్లేదు, చీకటి పడితే తనంతట తనే వెలిగే సెన్సర్ బల్బు చాలు. దానికి నెట్‌తో పనే లేదు.

అయితే మన దగ్గర ఈ లెక్కలన్నీ తారుమారు చేసేది తుఫాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. అప్పుడు నేను బీటెక్‌లో ఉన్నాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి, చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మీ యాప్‌లో కనిపించేది "డివైస్ ఆఫ్‌లైన్" ఒక్కటే. దసరా, విజయనగరం సిరిమానోత్సవం, దీపావళి ప్రయాణాలన్నీ సరిగ్గా తుఫాన్ల సీజన్‌లోనే పడతాయి. బయలుదేరేముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. వాయుగుండం అన్న మాట వినిపిస్తే కుక్కని మనిషున్న ఇంట్లోనే వదలండి.

ఒక రూల్ పెట్టుకోండి: కెమెరా రెండు గంటలు ఆఫ్‌లైన్‌లో ఉంటే ఆలోచించకుండా ఇంటి దగ్గర మనిషికి ఫోన్ చేయాలి. నేను ఆ ఫోన్ పొద్దున్నే చేయాల్సింది.

ట్రాకర్: ఎయిర్‌ట్యాగ్ అంటే జీపీఎస్ కాదు

దీపావళి టపాసులకి బెదిరి కుక్కలు పారిపోవడం మనకి తెలిసిందే. దానికని చాలామంది 2021లో రూ.3,190కి వచ్చిన ఎయిర్‌ట్యాగ్ లాంటివి మెడకి కడుతున్నారు. అందులో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. బ్లూటూత్ సిగ్నల్ మాత్రమే పంపుతుంది. పక్కనుంచి వెళ్లే ఎవరిదో ఐఫోన్ దాన్ని పట్టుకుని లొకేషన్ చెప్పాలి. ఆండ్రాయిడ్ ట్యాగ్‌లదీ అదే పద్ధతి, ఆండ్రాయిడ్ ఫోన్లు ఎక్కువ కాబట్టి మన ఊళ్లలో అవి కొంత నయం. విజయనగరం బజారులో ఇవి దొరికిస్తాయేమో గానీ, జీడితోటలోకి దూరిన కుక్క పక్క నుంచి ఎవరి ఫోన్ వెళ్తుంది? పైగా ట్యాగ్‌లోని బటన్ బ్యాటరీని కుక్క కొరికి మింగితే గొంతు, పేగులు కాలిపోయే ప్రమాదం ఉంది.

సిమ్ వేసే నిజమైన జీపీఎస్ ట్రాకర్లున్నాయి. కానీ వాటికి రీఛార్జ్ కావాలి, కొన్ని రోజులకొకసారి ఛార్జింగ్ పెట్టాలి. మీరు ఊళ్లో లేనప్పుడు ఆ ఛార్జింగ్ ఎవరు పెడతారు?

అన్నిటికన్నా బాగా పనిచేసేది మెడ పట్టీకి రెండు ఫోన్ నంబర్లు చెక్కించిన చిన్న రేకు. ఒకటి మీది, ఇంకోటి ఊళ్లో ఉన్న మనిషిది. బ్యాటరీ అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు.

వెంట తీసుకెళ్లొచ్చా? బోర్డింగ్‌లో పెట్టొచ్చా?

రైల్లో అయితే ఫస్ట్ ఏసీ లేదా ఫస్ట్ క్లాసులో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరు మీద ఉంటేనే కుక్కని మీతో ఉంచుకోవచ్చు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో కుదరదు. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్‌లో పంపాలి. శ్రీకాకుళం రోడ్ లాంటి స్టేషన్లలో బండి ఆగే కాసేపట్లో బెదిరిపోయిన కుక్కని ఎక్కించడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఒక రాత్రంతా ఆ చప్పుడులో, చీకట్లో, ఒంటరిగా. అలవాటు లేని కుక్కకి నేను సలహా ఇవ్వను.

బోర్డింగ్ అంటే మనకి దగ్గర్లో విశాఖపట్నమే. ఎంచుకునేముందు ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. టీకా కార్డు అడగని చోట వదలకండి. మీ కుక్క కార్డు అడగలేదంటే పక్క కుక్కదీ అడగలేదనే అర్థం. రోజుకి ఎన్నిసార్లు బయటికి వదులుతారు, రాత్రి మనిషి ఉంటాడా, జబ్బు చేస్తే ఏ డాక్టరు అని అడగండి.

ఇంటి దగ్గర మనిషికి ఇవ్వాల్సిన కాగితం

వాట్సాప్‌లో పంపడమే కాకుండా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

- ఏం పెట్టాలి, ఎంత, ఎప్పుడు. ఏం పెట్టకూడదు: చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, ఉడికించిన కోడి ఎముకలు.
- దేనికి భయం, ఎక్కడ ముట్టుకుంటే కోపం.
- డాక్టరు నంబరు. పశువుల అంబులెన్స్ కోసం 1962. విజయనగరం జిల్లావాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది.
- టీకా కార్డు ఫొటో. రేబిస్ టీకా గడువు దాటిపోయి ఉంటే ముందు అది వేయించండి, తర్వాతే తాళం ఇవ్వండి. పొరపాటున కరిచినా, గీరినా, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలని, ఆ ఖర్చు మీదేనని రాయండి.
- కొంత డబ్బు కవర్లో పెట్టి ఇవ్వండి.

ఇంకో ముఖ్యమైన పని: ప్రయాణానికి ముందు రెండు, మూడు పూటలు ఆ మనిషి చేతే తిండి పెట్టించండి. మీరు ఇంట్లో ఉండగా ఒకటి, లేకుండా ఒకటి.

నా తీర్పు

- కెమెరా, మెమరీ కార్డు: కొనండి.
- ఇన్వర్టర్ లేకపోతే మినీ యూపీఎస్: కొనండి.
- ఫీడర్: ఎండు మేత తినే కుక్క, పిల్లికి మాత్రమే, అదీ బ్యాకప్‌గా.
- వాటర్ ఫౌంటెన్, స్మార్ట్ ప్లగ్: ఈ పనికి వద్దు.
- ట్రాకర్: టౌన్లో ఉంటే ఆలోచించొచ్చు. రేకు మాత్రం అందరికీ.

మొన్న బాబు అన్నప్రాసనకి మళ్లీ అందరం ఐదు రోజులు వెళ్లాం. ఈసారి తాళం పెద్దమ్మ దగ్గర, రెండో తాళం వీధి చివర ఉండే నాన్నగారి ఫ్రెండ్ దగ్గర. ఫీడర్ అటక మీద. కెమెరా మాత్రం పెట్టాను, పెద్దమ్మకి చెప్పే పెట్టాను. రెండో రోజు పొద్దున్న ఆవిడ అన్నం గిన్నె కింద పెట్టి, కెమెరా వైపు చూసి గట్టిగా అంది: "ఇదిగో తింటన్నాడు, సూసుకో. మీ అమ్మకి సెప్పు, బెంగ పెట్టుకోవద్దని."

అమ్మకి వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, బాబుకి నూనె రాయడానికి వెళ్లిపోయింది.